పెద్దరికం ఎవరికీ వద్దు

మేనేజరు ఫోను చేసే సమయానికి అక్క నేల మీద బోర్లా పడుకుని ఉంది. మిషన్ల గదిలో నిన్నటినుంచీ ఏదో చచ్చిన వాసన. ఎలక ఏ మూల చచ్చిందో తెలియక, బల్ల కిందికి చెయ్యి జొనిపి వైర్ల మధ్య తడుముతోంది. పాత బస్సు డిపోలో కంప్యూటర్ల బాధ్యత ఆమెది. డ్రైవర్లు, కండక్టర్లు, టికెట్ కౌంటరు వాళ్ళు, వయసుతో పని లేకుండా అందరూ అక్కా అనే పిలుస్తారు. ఆమె కంటే పదేళ్ళు పెద్దవాడైన మెకానిక్కు కూడా మీసం దువ్వుకుంటూ అక్కా అంటాడు. ఆమె కాదనడం ఏనాడో మానేసింది.

"చూడమ్మా, మీ డిపో రూటర్ ముసలిదైపోయింది. దాని పెద్దరికం ఇవాళ తీసేద్దాం" అన్నాడు మేనేజరు.

"తీసేద్దాం సార్. మరి ఎవరికొస్తుంది?"

"మెయిన్ డిపోలో కొత్తది కొన్నాం కదా, తిని కూర్చుంటోంది. దానికొస్తుంది. నువ్వు నీ దానికి సున్నా పెట్టి ఒక్కసారి ఆపి వెయ్యి. అంతే పని."

సంస్థకు నాలుగు డిపోలు. నాలుగు డిపోల్లో నాలుగు రూటర్లు, నాలుగూ ఒకే లైను మీద ఉంటాయి. ఏ బస్సులో ఏ సీటు ఖాళీగా ఉందన్న కబురు ఒక డిపోనుంచి ఇంకో డిపోకు వెళ్ళాలంటే దారి చూపాల్సింది అవే. అందరూ అందరితో మాట్లాడితే సంతగోల అవుతుందని, అవి తమలో ఒకదాన్ని పెద్దగా ఎన్నుకుంటాయి. పుస్తకాల్లో దాన్ని డిజిగ్నేటెడ్ రూటర్ అంటారు. వీళ్ళు ఉత్తినే 'పెద్ద' అంటారు. దారుల సంగతులన్నీ పెద్దకే చెప్పాలి, పెద్దే మిగతావాటికి చెప్పాలి. ప్రతి రూటర్‌కూ మనిషి ఒక అంకె ఇస్తాడు. ఎక్కువ అంకె ఉన్నదానికి పెద్దరికం. సున్నా ఇస్తే మాత్రం 'నన్ను లెక్కలోకి తీసుకోకండి బాబూ' అని చెప్పినట్టు. ఇందులో ఒక తిరకాసుంది. ఒకసారి కూర్చున్న పెద్దను, ఆ తర్వాత ఎంత అంకె వేసుకుని ఎవరొచ్చినా లేపలేరు. అదే పడిపోవాలి, లేదా అదే తప్పుకోవాలి. అప్పుడే మళ్ళీ ఎన్నిక.

ఇది మిషన్ల పద్ధతి. దానికి మేనేజరు తన పద్ధతి ఒకటి తగిలించాడు. పెద్ద ఏ డిపోలో ఉంటే ఫోను ఆ డిపోకే. టికెట్లు రాకపోయినా ఫోను, ప్రింటర్ కాగితం నమిలినా ఫోను, ఆఖరికి ఆయన గదిలో ఏసీ నీళ్ళు కారినా ఫోను. ఇన్నేళ్ళూ ఆ ఫోను మోగింది అక్క గదిలోనే. అందుకే సున్నా పెట్టమనగానే ఆమెకు ప్రాణం లేచొచ్చింది. మోచేతుల దుమ్ము దులుపుకుని కూర్చుని, అంకె మార్చి, పాత రూటర్‌ను ఆపి, మళ్ళీ వేసింది.

వేసింది గానీ అది లేవలేదు. పచ్చదీపం ఒకసారి మిణుకుమంది, లోపలి ఫ్యాను మూలిగింది, ఆగిపోయింది. రెండోసారి వేస్తే ఆ మూలుగు కూడా లేదు. మూత విప్పి ముక్కు దగ్గర పెట్టుకుంటే మాడు వాసన. దానికి కరెంటు అందించే ముక్క కాలిపోయింది.

కౌంటరునుంచి అరుపులు మొదలయ్యాయి. ఆమె పెద్దగా కంగారుపడలేదు. తన డిపో ఒక్కటే కదా పడింది, మిగతా మూడూ కొత్త పెద్దను ఎన్నుకుని నడిచిపోతుంటాయి అనుకుంది. అంతలో మెయిన్ డిపోనుంచి లాయరు ఫోను చేశాడు. అతను లాయరేం కాదు, ఆమెలాగే కంప్యూటర్లు చూసేవాడు. ప్రతిదానికీ వాదిస్తాడని ఆ పేరు పడింది. ఆమె భర్తను అన్నా అంటాడు కాబట్టి ఆమెను వదినా అంటాడు.

"వదినా, మా దగ్గరా టికెట్లు ఆగిపోయాయి. జనం మీద పడేలా ఉన్నారు."

"మీ దగ్గరెందుకు ఆగుతాయి? నీ స్క్రీన్ మీద ఏం కనిపిస్తోంది?"

"మీది తప్ప మిగతా రూటర్లు కనిపిస్తున్నాయి. పలకరింపులు వస్తున్నాయి, పోతున్నాయి. పెద్ద ఎవరంటే మాత్రం ఖాళీ."

పెద్ద ఖాళీ అంటే అర్థం ఒక్కటే. మిగిలిన మూడింటిలో ఒక్కటి కూడా బరిలో లేదు. మూడింటికీ సున్నాలే.

"నీ దాని అంకె ఎంత?"

"ఒకటి, వదినా. ఎప్పుడూ ఉన్నదే."

స్టేషన్ డిపోకు ఫోను చేసింది. అక్కడ బాబాయ్ ఉంటాడు, నలుగురిలోకీ పెద్దవాడు. "మాది సరిగ్గానే ఉందమ్మాయ్, నువ్వు లాయరుగాణ్ణి అడుగు" అన్నాడు. వర్క్‌షాపు డిపోకు చేసింది. అక్కడుండే కుర్రాడికి ముప్పయ్యేళ్ళుంటాయి, నోట్లోంచి మాట ఊడిపడదు, అందుకని అందరూ ముని అంటారు. "చూస్తానక్కా" అని పెట్టేశాడు.

ఎవరో ఒకరు సున్నా తీసి ఒకటి కొడితే చాలు. ఒక్క నిమిషం పని. కానీ కొట్టినవాడు ఇన్నాళ్ళూ సున్నా పెట్టుకుని కూర్చున్నట్టు బయటపడతాడు. పెద్ద వెళ్ళి అతని దగ్గరే కూర్చుంటుంది, ఇక లేవదు. అందుకని ముగ్గురూ, ఇంకొకడు కొడతాడులే అని ఎదురుచూశారు. బస్సులు నిండుగా నిలబడ్డాయి. మెయిన్ డిపోలో ఎవరో కౌంటరు అద్దం పగలగొట్టారు. కౌంటరమ్మాయి చేతికి గాజుముక్క గుచ్చుకుంది. మధ్యాహ్నం కావస్తుండగా ఉన్నట్టుండి మూడు డిపోల్లోనూ టికెట్లు రావడం మొదలైంది.

"పెద్ద ఎవరు?" అని లాయరును అడిగింది.

"వర్క్‌షాపు" అన్నాడు లాయరు. గొంతులో ఎంత హాయో.

సాయంత్రం మూలపడ్డ ఇంకో మిషన్‌నుంచి కరెంటు ముక్క ఊడదీసి తగిలిస్తే పాతది కూడా లేచింది. లేచాక అందరి అంకెలూ చూసింది. లాయరుది ఒకటి. బాబాయిది ఒకటి. మునిది ఒకటి. లోకంలో సున్నా అనేది తన ఒక్క రూటర్‌కే ఉంది.

మర్నాడు మేనేజరు పిలిచాడు. ఆయన గదిలో కుర్చీలున్నాయి గానీ కూర్చోమనలేదు.

"రిపోర్టు అడుగుతున్నారమ్మా పైనుంచి. పేపర్లో కూడా పడింది. సున్నా పెట్టింది నువ్వు, ఆపింది నువ్వు."

"మీరు చెప్తేనే కదా సార్."

"నేను పాతదాన్ని తప్పించమన్నాను. అందర్నీ పడుకోబెట్టమన్నానా?"

అక్కకు ఒళ్ళు మండింది. మిగతావాటి అంకెలు చూడకుండా హుకుం జారీ చేసింది ఆయనే. ఆ మాట నాలుకదాకా వచ్చింది. కానీ ఆమె కాంట్రాక్టు ఈ నెలాఖరుతో అయిపోతుంది. దాన్ని పొడిగించే సంతకం ఆయనదే. కాంట్రాక్టు పోతే డిపో వెనక క్వార్టర్సులో ఉంటున్న రెండు గదులూ పోతాయి. నడుం పడిపోయిన మొగుణ్ణీ, అత్తనూ ఎక్కడికని తీసుకెళ్ళాలి? ఆ మాటను మింగేసి, జరిగింది జరిగినట్టు చెప్పింది. ముగ్గురూ ముందే సున్నాలు పెట్టుకుని ఉండాలనీ, లేకపోతే పెద్ద ఖాళీ అయ్యే ప్రసక్తే లేదనీ, ఆ తర్వాత ఎవరిది వాళ్ళు మార్చేసుకున్నారనీ.

మేనేజరు ఓపిగ్గా విన్నాడు. "ముగ్గురూనా?"

"ముగ్గురూ సార్."

"ముగ్గుర్నీ తీసేస్తే డిపోలు నువ్వూ నేనూ నడుపుతామా? రిపోర్టులో ఒక్క పేరు ఉండాలమ్మా. నీ పేరు వద్దంటే ఇంకో పేరు చెప్పు. ఎల్లుండిదాకా టైముంది."

ఇంటికొచ్చి చెబితే ఆమె భర్త మంచం మీదినుంచే నవ్వాడు. అతను ఒకప్పుడు ఇదే డిపోలో డ్రైవరు. నడుం పడిపోయి చెక్కమంచానికి అంటుకున్నా నోరు మాత్రం ఇంకా టాప్ గేరులోనే ఉంది.

"అంటే ఇప్పుడు ఎలక్షన్ ఆఫీసరువి నువ్వేనన్నమాట. ఏమే, నాకో టికెట్ ఇప్పించరాదూ?"

"నవ్వకండి. నాకు ఏడుపొస్తోంది."

"ఏడవాల్సింది వాళ్ళు. రేపట్నుంచి చూడు, మనింటికి చుట్టాలు ఎలా వస్తారో."

అతను అన్నట్టే అయింది. మర్నాడు పొద్దున్నే బాబాయ్ అరటిపళ్ళతో దిగాడు. గడపలోనే చెప్పులు విడిచి, "అల్లుడు ఎలా ఉన్నాడమ్మాయ్?" అంటూ వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. ఏనాడూ ఈ గుమ్మం తొక్కని మనిషి. అత్తను వదినగారూ అన్నాడు, మోకాళ్ళ నొప్పికి ఏదో నూనె చెప్పాడు. లేచి వెళ్ళబోతూ వాకిట్లో గొంతు తగ్గించాడు.

"నాకు రిటైరుమెంటుకు ఇంకెంతో లేదు తల్లీ. ఈ వయసులో మచ్చ పడితే వచ్చేది కూడా రాదు. మెయిన్ డిపోలో కొత్త రూటర్ ఊరికే ఎందుకు కూర్చుందో, అది ఆలోచించు. నేనేం చెప్పలేదు సుమా."

"నువ్వు పెట్టావా లేదా బాబాయ్ సున్నా? నాకు చెప్పు చాలు."

బాబాయ్ చెప్పులు తొడుక్కోవడంలో మునిగిపోయాడు. "అవన్నీ ఎప్పటివో, ఎవరికి గుర్తున్నాయి" అన్నాడు. ఎడం చెప్పు కుడికాలికి తొడిగి, మళ్ళీ మార్చుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం లాయరు వచ్చాడు. అతను అరటిపళ్ళ బాపతు కాదు. వస్తూనే, "అన్నకు మెయిన్ డిపోలో విచారణ కౌంటరు కుర్చీ మాట్లాడుతున్నాను. కూర్చుని చేసే పనే. నడుముకు దిండు పెట్టుకోవచ్చు" అన్నాడు. మంచం మీద మనిషి మొహం వెలగడం అక్క చూసింది. ఆ వెలుగు చూస్తే ఆమెకు లాయరు మీద పీక పిసికేంత కోపం వచ్చింది. అయినా టీ పెట్టి ఇచ్చింది.

"వదినా, నీకు సాక్ష్యం కావాలి. నా మీద నీ దగ్గర ఏముంది? బాబాయ్ మీద ఏముంది? ఏం లేదు. పెద్ద ఎక్కడ కూర్చుందో చూడు. వర్క్‌షాపులో. అంటే ఆ క్షణంలో సున్నా తీసినవాడు ఎవరు? వాడు. తీశాడంటే అంతకుముందు పెట్టాడనేగా? అది ఎవరూ కాదనలేని సాక్ష్యం."

"వాడు తీశాడు కాబట్టే నీ డిపోలో టికెట్లు వచ్చాయి."

"కాదన్నానా? నేను సాక్ష్యం గురించి మాట్లాడుతున్నాను. న్యాయం గురించి కాదు" అని టీ గ్లాసు కడిగి మరీ బోర్లించి వెళ్ళాడు.

ఆ తర్వాత అక్క చాలాసేపు వాకిట్లో నిలబడింది. ముని కూడా వస్తాడనుకుంది. రావాలని కోరుకుంది. వచ్చి బతిమాలితే, కనీసం మొహం చూపిస్తే, 'ఒరేయ్, నీ పేరు ఎలా చెప్తానురా' అనేసి గుండె బరువు దింపుకునేది. అతను రాలేదు. ఫోను తీసి అతని నంబరుదాకా వెళ్ళి ఆగింది. నేను చేయడమేమిటి, అవసరం వాడిది కదా అనిపించింది. ఎంత పొగరు వీడికి అని కూడా అనిపించింది. ఆ కోపం కాస్త ఆసరాగానే ఉంది, దాన్ని వదలబుద్ధి కాలేదు.

అన్నాలు తినేటప్పుడు అత్త తేల్చేసింది. "వచ్చినవాళ్ళ మొహాలు రేపు మనం చూడాలి. వచ్చారు, కూర్చున్నారు, మన మంచినీళ్ళు తాగారు. ఆ రాని వాడి పేరు చెప్పు."

"వాడే కదత్తా అందర్నీ ఒడ్డున పడేసింది."

"అయితే నీ పేరు చెప్పుకో. సామాను ఇప్పుడే సర్దనా, తిన్నాక సర్దనా?"

భర్త ఈసారి జోకు వెయ్యలేదు. కంచంలో వేళ్ళతో గీతలు గీస్తూ ఉండిపోయాడు. విచారణ కౌంటరు కుర్చీ అతని కళ్ళ ముందు కదులుతోందని ఆమెకు తెలుసు. మాట్లాడితే ఏం బయటపడుతుందోనని భయపడుతున్నాడనీ తెలుసు.

గడువు రోజున ఆమె మేనేజరు గదిలోకి వెళ్ళేసరికి ఆయన గోళ్ళు కత్తిరించుకుంటున్నాడు. కత్తెర పక్కన పెట్టి చూశాడు.

"వర్క్‌షాపు డిపో" అంది.

"డిపో పేరు కాదమ్మా, మనిషి పేరు."

చెప్పింది. ముని అసలు పేరు ఆమె నోటితో పలకడం అదే మొదటిసారి. అది వేరే ఎవరిదో అన్నట్టుంది.

"సరిపోయింది" అన్నాడు మేనేజరు. కుర్చీ వెనక్కి వాల్చి, మొదటిసారి ఆమెను కూర్చోమన్నాడు. "ఇంక నువ్వు నిశ్చింతగా ఉండు. నీ కాంట్రాక్టుకు వచ్చిన భయమేం లేదు. అసలు మొదట్నుంచీ లేదనుకో. ఆ కుర్రాడు టికెట్లు ఆగిన రోజు సాయంత్రమే వచ్చాడు నా దగ్గరికి. సున్నా పెట్టింది నేనే సార్, అక్కకేం సంబంధం లేదు, ఆవిడ కాంట్రాక్టు జోలికి వెళ్ళకండి అని నిలబడ్డాడు. సరేనన్నాను."

అక్కకు ఒక్క క్షణం ఆయన చెబుతున్నది చెవికి ఎక్కలేదు. ఎక్కాక, కూర్చున్న కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుంది.

"మరి నన్నెందుకడిగారు సార్?"

"ఒక్కడి మాట మీద తీసేస్తే రేపు వాడే వెళ్ళి, బెదిరించి ఒప్పించారంటాడు. ఇంకో మనిషి కూడా అదే పేరు చెబితే ఇక ఎదురుండదు. నువ్వు వాడి పేరే చెప్తావో లేదోనని నాకూ అనుమానంగానే ఉండింది సుమా."

"ముగ్గురూ పెట్టారు సార్. ఆ మాట కూడా రాయండి. లేకపోతే నేను చెప్పింది తీసేయండి."

"ఎందుకు తీసేయడం? అబద్ధం చెప్పావా?"

అబద్ధం చెప్పలేదు. చిక్కంతా అదే. మేనేజరు ఫోను తీసి ఎవరితోనో వేరే సంగతి మాట్లాడటం మొదలుపెట్టాడు. లేచి బయటికొచ్చేసింది.

ముని స్థానంలో కొత్తమనిషి దొరికేదాకా వర్క్‌షాపు డిపో కూడా ఆమే చూసుకోవాలన్నారు. వెళ్ళేసరికి అతను గది ఊడుస్తున్నాడు. వెళ్ళిపోయే మనిషికి ఆ ఊడ్పు ఎందుకో. ఆమెను చూసి చీపురు గోడకు ఆనించి, కుర్చీ తుడిచి జరిపాడు.

"కూర్చోండక్కా. ఈ కుర్చీ ఒక కాలు కుంటిది, కొంచెం కుడివైపు ఒరగండి."

ఏ వైరు ఎక్కడికి వెళ్తుందో చూపించాడు. ప్రతి వైరుకూ చిన్న గుడ్డపేలిక కట్టాడు, ఎర్రది కౌంటరుకు, నీలంది వర్క్‌షాపుకు. వానాకాలంలో కిటికీ పక్క గోడ చెమ్మగిల్లుతుందని, అప్పుడు బల్లను జానెడు ఇవతలికి లాగాలని చెప్పాడు. ఇంత మాట్లాడటం ఆమె ఎన్నడూ వినలేదు. కళ్ళెత్తి అతని మొహం చూడలేక, అతని వేళ్ళనే చూస్తూ ఊకొట్టింది.

"ఎప్పుడు పెట్టావురా సున్నా?" అంది చివరికి, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"చేరిన కొత్తల్లో. బాబాయే చెప్పాడు, సున్నా పెట్టేసుకో, ఫోను రాదు, హాయిగా ఉంటావని. ఆ రోజు మీరు ఫోను చేసినప్పుడే తీసెయ్యాల్సింది. నేనూ చూస్తూ కూర్చున్నానక్కా, వాళ్ళు తీస్తారేమోనని. కౌంటరమ్మాయికి చెయ్యి తెగిందని తెలిసేదాకా కూర్చున్నాను. తప్పు నాదే."

"నీ ఒక్కడిదే కాదు."

అతను అన్నం డబ్బా, తువ్వాలు, గోడకు వేలాడే చిన్న అద్దం సంచిలో పెట్టుకున్నాడు. తాళంచెవి ఆమె చేతికిచ్చాడు. గుమ్మందాకా వెళ్ళి ఆగాడు.

"ఒక్క మాట అడగనా అక్కా? కోపంతో కాదు. ఉత్తినే, తెలుసుకుందామని."

"అడుగు."

"ముగ్గురం పెట్టామని మీకు తెలుసు కదా. మరి నా పేరే ఎందుకు చెప్పారు?"

లాయరు అప్పజెప్పిన సాక్ష్యం ఆమె నోటి దగ్గర సిద్ధంగానే ఉంది. పెద్ద నీ దగ్గరే కూర్చుంది కదరా, అనొచ్చు. ఎవరూ కాదనలేరు. అతని మొహంలో కోపం కోసం వెతికింది. కాస్తయినా ఉంటే ఆ మాట అనేసేదే.

"నువ్వు రాలేదు" అంది.

"ఎక్కడికి?"

"మా ఇంటికి. వాళ్ళిద్దరూ వచ్చారు."

ముని సంచి ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. నిజంగానే అర్థం చేసుకోవడానికి ప్రయత్నిస్తున్నట్టు కాసేపు గడప వైపు చూశాడు.

"నేనెందుకొస్తానక్కా? మీ సంగతి ఆ రోజే సార్‌తో మాట్లాడేశాను కదా. సార్ మీకు అప్పుడే చెప్పేసి ఉంటారు, ఇంట్లో మీరంతా హాయిగా ఉండి ఉంటారు అనుకున్నాను."

అలవాటు కొద్దీ ఫ్యాను స్విచ్ మీదికి అతని చెయ్యి వెళ్ళింది. ఆమె ఇంకా గదిలోనే ఉందని గుర్తొచ్చి, ఆపకుండానే వెళ్ళిపోయాడు.